వేళకు వేసుకొన్న మందు

చెన్నై నగరంలో కూవం నది వంపులో ఉన్న పేట చింతాద్రిపేట. 1734 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీవారు నేతగాళ్ల కోసం దీనిని ఏర్పాటు చేశారు. ‘చిన్న తరి పేట’ అనే మాటే చింతాద్రిపేట అయిందంటారు. తమిళంలో తరి అంటే మగ్గం. మగ్గాల చప్పుడు పోయి చాలాకాలమైంది. ఇరుకు సందులు, గోడకు గోడ ఆనుకొన్న ఇళ్లు మాత్రం మిగిలాయి.

అటువంటి ఇంట్లో ఒక పిల్లవాడికి కాలి పుండు చీముపట్టి జ్వరం వచ్చిందనుకొందాం. డాక్టరు రోజుకు రెండు చొప్పున ఐదు రోజులకు మాత్రలు రాశాడు. రెండు రోజులకే జ్వరం దిగింది. మిగిలిన మాత్రలు మరెవరికైనా పనికివస్తాయని తల్లి గూట్లో దాచింది. నాలుగోనాటి ఉదయం కట్టు మార్చడానికి వెళ్లినప్పుడు నర్సు, “మాత్రలు ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా?” అని అడిగింది.

పుండు చీముపట్టడానికి కారణం బాక్టీరియా. కంటికి కనిపించని ఈ ఏకకణ జీవులను చంపే, లేదా పెరగకుండా ఆపే మందులే యాంటీబయాటిక్‌లు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజులో పెన్సిలిన్‌ను గుర్తించాడు. 1948లో వెల్లడైన ఆరియోమైసిన్‌ను మట్టిలోని సూక్ష్మజీవి నుండి బెంజమిన్ డగ్గర్ సాధించాడు. అమెరికాలోని ఆ పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు మద్రాసు వైద్య కళాశాలలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానిపై ఈ మందులు పనిచేయవు.

బాక్టీరియా అన్నీ ఒకే తీరుగా చావవు. మందుకు లొంగనివి కొన్ని మిగిలి పెరిగితే, తరువాత అదే మందు పనిచేయదు. అందుకే నర్సు మోతాదు వేళ తప్పనివ్వదు. పెన్సిలిన్ ఇచ్చేముందు, అది ఇదివరకు పడకపోయిందేమో అడుగుతుంది. పరీక్షకు చీము తీయవలసి ఉంటే, వీలైనంతవరకు మొదటి మోతాదుకు ముందే తీస్తుంది.

మాత్రలు లెక్కపెట్టడానికి మద్రాసులోనే ఒక చరిత్ర ఉంది. చింతాద్రిపేట నుండి ఎగ్మూరు దాటి వెళితే చేత్‌పట్. అక్కడ 1956లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం వెలిసింది. క్షయ కూడా బాక్టీరియా వల్ల వచ్చేదే. క్షయ రోగిని శానటోరియంలో ఉంచి, మంచి గాలి, బలమైన తిండి, విశ్రాంతి ఇవ్వాలని అప్పటి నమ్మకం. కాని అందరికీ మంచాలేవి? అందుచేత కొందరు రోగులను శానటోరియంలోను, కొందరిని వారి ఇళ్లలోను ఉంచి, ఇరువురికీ ఏడాదిపాటు అవే మందులు ఇచ్చారు. ఇళ్లలోనివారు బీదలు, తిండీ తక్కువే, చోటూ తక్కువే. వారు వారానికొకసారి వచ్చి మందులు తీసుకొనేవారు. కేంద్రం సిబ్బంది చెప్పకుండా ఇంటికి వెళ్లి మాత్రలు లెక్కపెట్టేవారు. మందు ఒంట్లోకి చేరిందో లేదో మూత్రపరీక్షతో తెలుసుకొనేవారు. దగ్గు తగ్గగానే మందు మానేయాలనిపించడం సహజం కదా!

1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంట్లో ఉన్నవారికి కూడా శానటోరియంలోని వారికి దాదాపు సమానంగా నయమైంది. వారి కుటుంబాలకు అదనపు ముప్పేమీ కనిపించలేదు. దూరపు శానటోరియంకు పోకుండా, కన్నబిడ్డల నడుమనే ఉండి కోలుకోవచ్చునని పేద రోగులకు ధైర్యం చిక్కింది. ఆ కేంద్రమే నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

చింతాద్రిపేట ఇంట్లో తల్లి మాత్రలు తీసి నర్సు చేతిలో పెట్టింది. నాలుగు ఉండవలసిన చోట ఆరు ఉన్నాయి. నర్సు తల్లిని కసురుకోలేదు. లెక్క రాసుకొని, ఇక ఏం చేయాలో డాక్టరును అడగడానికి బయలుదేరింది.