నాలుగు సీసాలు, నాలుగు లక్క ముద్రలు

కల్తీ మీద ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారం సాయంత్రానికల్లా పేజీలు వెళ్లిపోవాలి అన్నారు ఎడిటర్. కల్తీ అనగానే అందరికీ గుర్తొచ్చేవి హోటళ్ల మీద దాడులే: ఫ్రిజ్‌లో వాసనొచ్చే మాంసం, బొద్దింకలు తిరిగే వంటగది, మాస్కులు కట్టుకున్న అధికారులు. ఆ ఫొటోలకు కొదవ లేదు. నన్ను కదలనివ్వనిది మాత్రం ఆహార భద్రత నిబంధనల్లో శాంపిల్ సీసాను ఎలా కట్టాలో చెప్పే భాగం. కేసు నిలబడాలన్నా వీగిపోవాలన్నా అక్కడే.

పాల సంగతే తీసుకుందాం. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ (జనం నోట ఇప్పటికీ ఫుడ్ ఇన్‌స్పెక్టరే) శాంపిల్ ఊరికే పట్టుకుపోకూడదు, ఖరీదు చెల్లించాలి. ఫారం 5ఎ నోటీసు వ్యాపారి చేతికివ్వాలి. సాక్షిని పిలిచి సంతకం పెట్టించాలి. పాలను నాలుగు భాగాలు చేసి పొడి సీసాల్లో పోయాలి. ప్రతి 25 మిల్లీలీటర్లకు రెండు చుక్కల ఫార్మలిన్ వేయాలి, లేకపోతే ల్యాబ్‌కు చేరేలోపే విరిగిపోతాయి. వ్యాపారి కలిపితే నేరమయ్యే మందునే చట్టం ఇక్కడ కొలిచి వేయమంటుంది. ఈ పాలు తాగడానికి కాదు, సాక్ష్యానికి.

తర్వాత కట్టడం. మూత బిగించి, సీసాకు దళసరి కాగితం చుట్టి, అంచులు మడిచి అంటించాలి. డిజిగ్నేటెడ్ ఆఫీసర్ (ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు పైఅధికారి) సంతకం, కోడ్ నంబరు ఉన్న చీటీని అడుగు నుంచి పైదాకా చుట్టూ అతికించాలి. వ్యాపారి సంతకమో వేలిముద్రో సగం చీటీ మీద, సగం చుట్టిన కాగితం మీద పడాలి. పురికొస నిలువునా అడ్డంగా కట్టి, పైన ఒకటి, కింద ఒకటి, ఒంటి మీద రెండు లక్క ముద్రలు వేయాలి. ముళ్లు కూడా లక్కలో మునగాలి. ఇంత చాదస్తమెందుకంటే, ముద్ర చెదిరితే ఆ సీసాలోవి ఫలానా కొట్టు పాలేనని రుజువు చేయడం కష్టం.

ఒక సీసా ఫుడ్ అనలిస్టుకు వెళ్తుంది. రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర భద్రంగా ఉంటాయి. నాలుగోది, వ్యాపారి కోరితే, గుర్తింపు పొందిన మరో ల్యాబ్‌కు. రెండు నివేదికలూ పొసగకపోతే రెఫరల్ ల్యాబ్ మాటే ఆఖరిది. కొనేవాడికీ అమ్మేవాడికీ ఇంత సమంగా న్యాయం చూసే పద్ధతి మన చట్టాల్లో అరుదు. అందుకే దీని మీద నాకింత ఇష్టం.

అనలిస్టుకు గడువు 14 రోజులు. దాడి వీడియో మాత్రం అదే సాయంత్రం అందరి ఫోన్లలో ఉంటుంది. నివేదిక వచ్చేసరికి ఆ హోటల్ పేరు ఎవరికీ గుర్తుండదు. తప్పు లేదని తేలినా ఆ మాట చెప్పేవారుండరు, తప్పని తేలినా అంతే. దాడి ఫొటో పెట్టిన చోటే ల్యాబ్ నివేదికా పెట్టాలి. ప్రతి జిల్లా అధికారినీ జనం అడగాల్సింది ఇదే.

పాలలో నీళ్లు కలిసి నాణ్యత తగ్గితే అది నాసిరకం. టోన్డ్ పాలలో 3 శాతం కొవ్వు, 8.5 శాతం ఇతర ఘనపదార్థాలు ఉండాలి. తగ్గితే జాయింట్ కలెక్టర్ స్థాయి అధికారి 5 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ప్రాణం మీదికి తెచ్చే సరుకైతే కోర్టే. మనిషి చనిపోతే కనీసం ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా జైలు, 10 లక్షలకు తగ్గని జరిమానా.

చరిత్ర క్లుప్తంగా: 1954లో కల్తీ నిరోధక చట్టం వచ్చింది, మరుసటి ఏడు అమలైంది. దాని స్థానంలో 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం చేశారు. అది పూర్తిగా అమల్లోకి రావడానికి 2011 ఆగస్టు 5 దాకా పట్టింది.

మయోనైజ్ మీద ఏడాది
పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. సెక్షన్ 30 కింద ఫుడ్ సేఫ్టీ కమిషనర్ ఒక ఉత్తర్వుతో విధించగల గరిష్ఠ గడువు అంతే.

మీరూ పంపొచ్చు
సెక్షన్ 40 ప్రకారం మామూలు కొనుగోలుదారు కూడా సరుకును ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి, ఫీజు కట్టాలి. సరుకు ప్రమాణానికి తగ్గట్టు లేదని తేలితే ఫీజు తిరిగొస్తుంది, నివేదిక నేరుగా డిజిగ్నేటెడ్ ఆఫీసర్ బల్ల మీదికి వెళ్తుంది.