స్కైరిమ్‌లో మోడ్స్ వేశాక గేమ్ క్రాష్ అవుతోందా? అన్నీ డిలీట్ చేసే ముందు ఇవి తెలుసుకోండి

బనగానపల్లె: ఫోన్‌లో వీడియో చూస్తే అదిరిపోతుంది. మోకాలెత్తు గడ్డి, అద్దంలా మెరిసే నీళ్లు, కొత్త కత్తులు, కొత్త డ్రాగన్లు. కింద డిస్క్రిప్షన్‌లో 60 మోడ్స్ లిస్టు. రాత్రంతా కూర్చుని ఒక్కొక్కటే డౌన్‌లోడ్ చేసి వేస్తే, తెల్లారేసరికి గేమ్ ఓపెనే కాదు. ఓపెన్ అయినా ఫొటోలు తిప్పినట్టు ఆగి ఆగి నడుస్తుంది. పీసీలో స్కైరిమ్ ఆడేవాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు తక్కువ.

అప్పుడు చాలామంది చేసేవి రెండే పనులు. ఒకటి, అనుమానం వచ్చిన మోడ్స్ అన్నీ పీకేయడం. రెండోది, 'ల్యాప్‌టాప్ పాతదైపోయింది, కొత్తది కావాలి' అని ఇంట్లో నాన్నను అడగడం. మొదటిదానితో నెలల తరబడి ఆడిన సేవ్ పాడయ్యే ప్రమాదం ఉంది. రెండోదానితో వేలకు వేలు ఖర్చవుతాయి, సమస్య మాత్రం కొత్త ల్యాప్‌టాప్‌లోకీ వెంటే వస్తుంది. ఎందుకంటే చాలాసార్లు తప్పు మోడ్‌దీ కాదు, ల్యాప్‌టాప్‌దీ కాదు. గేమ్ వెర్షన్ ఒకటి, మోడ్ వెర్షన్ ఇంకొకటి. అసలు గొడవంతా అక్కడే.

ముందు చూడాల్సింది వీడియో తేదీ

స్కైరిమ్ గేమ్‌ను బెథెస్డా సంస్థ 2011 నవంబర్ 11న విడుదల చేసింది. 2016 అక్టోబర్‌లో 64 బిట్ స్పెషల్ ఎడిషన్ వచ్చింది. ఇప్పుడు మోడ్స్ ఎక్కువగా వేసేది దీంట్లోనే. ఐదేళ్ల తర్వాత 2021 నవంబర్ 11న యానివర్సరీ ఎడిషన్‌తో పాటు వచ్చిన అప్‌డేట్‌తో గేమ్ 1.5.97 నుంచి 1.6కు మారింది. 2023 డిసెంబర్‌లో క్రియేషన్స్ మెనూతో మరో పెద్ద అప్‌డేట్, 2024 జనవరిలో 1.6.1170 వచ్చాయి. అంటే 2020 నాటి వీడియో చూసి మోడ్స్ వేసే కుర్రాడు, తన దగ్గర లేని గేమ్‌కు మోడ్స్ వేస్తున్నట్టే లెక్క.

దీని వెనక ఏం జరుగుతుందంటే.. పెద్ద మోడ్స్ చాలావరకు స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే చిన్న ప్రోగ్రామ్ మీద ఆధారపడతాయి. దీన్నే ఎస్‌కేఎస్‌ఈ అంటారు. ఇది గేమ్ లోపల ఫలానా పని ఫలానా చోట జరుగుతుందని మెమరీ అడ్రస్ తెలుసుకుని, అక్కడికెళ్లి మార్పు చేస్తుంది. గేమ్ అప్‌డేట్ కాగానే ఆ అడ్రస్‌లు మారిపోతాయి. ఊళ్లో ఇంటి నంబర్లన్నీ ఒక్క రాత్రిలో మార్చేస్తే పోస్ట్‌మ్యాన్ పరిస్థితి ఎలా ఉంటుందో అలాగన్నమాట. వేరే ఇంటి తలుపు తడతాడు. గేమ్‌లో అయితే అదే క్రాష్.

అందుకే లెక్క కచ్చితంగా సరిపోవాలి. స్టీమ్‌లో 1.6.1170 ఉంటే ఎస్‌కేఎస్‌ఈ 2.2.6 కావాలి. పాత 1.5.97 ఉంటే 2.0.20 కావాలి. ఏ వెర్షన్ ఉందో తెలియకపోతే గేమ్ ఫోల్డర్‌లో ఉన్న స్కైరిమ్ ఈఎక్స్‌ఈ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే కనిపిస్తుంది. అడ్రస్ లైబ్రరీ అనే మోడ్ కూడా తప్పనిసరి. పైన చెప్పిన ఇంటి నంబర్ల కొత్త పుస్తకం అదే. అందులోనూ 1.5కు ఒకటి, 1.6కు ఇంకొకటి విడిగా ఉంటాయి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

ఇంకో సంగతి. పీసీ గేమ్ పాస్‌లో వచ్చే స్కైరిమ్‌కు ఎస్‌కేఎస్‌ఈ పనిచేయదు. జీఓజీలో కొన్నవాళ్లకు వేరే ఫైల్ ఉంటుంది. ఇక ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన కాపీ అయితే అది ఏ వెర్షనో, అందులో ఎవరు ఏం మార్చారో చెప్పడం కష్టం. దాని మీద మోడ్స్ వేసి తప్పు వెతకడం అంటే పునాది లేని గోడకు సున్నం వేయడమే.

ఇది స్కైరిమ్ ఒక్కదాని బాధే కాదు. ఇదే కంపెనీ ఫాల్‌అవుట్ 4 గేమ్‌కు 2024 ఏప్రిల్ 25న పెద్ద అప్‌డేట్ ఇచ్చింది. దానికి రెండు రోజుల ముందు, ఏప్రిల్ 23న, ఫాల్‌అవుట్ లండన్ అనే భారీ మోడ్ రావాల్సి ఉంది. ఏళ్ల తరబడి పనిచేసిన ఆ టీమ్, అప్‌డేట్‌తో తమ మోడ్ దెబ్బతింటుందని విడుదల వాయిదా వేసుకుంది. చివరికి జులై 25న బయటికొచ్చింది. సైబర్‌పంక్ 2077కు 2023 సెప్టెంబర్‌లో 2.0 వచ్చినప్పుడు కూడా పాత మోడ్స్ తీసేయమని కంపెనీయే సూచించింది. మోడ్స్ తయారుచేసేవాళ్లకే తప్పని తిప్పలు ఆడేవాళ్లకు తప్పుతాయా!

స్టీమ్‌లో ప్లే బటన్ నొక్కితే..

అన్నీ సరిగ్గా వేసినా మోడ్స్ పనిచేయడం లేదంటే, గేమ్‌ను ఎక్కడి నుంచి స్టార్ట్ చేస్తున్నారో చూడాలి. స్టీమ్‌లో ప్లే బటన్ నొక్కితే ఎస్‌కేఎస్‌ఈ లోడ్ కాదు. దాని లోడర్ ఫైల్‌తోనో, మోడ్ మేనేజర్ నుంచో ఓపెన్ చేయాలి. లోడ్ అయిందో లేదో చూడటానికి గేమ్‌లో ఎస్కేప్ కింద ఉండే కీ నొక్కి, 'గెట్ ఎస్‌కేఎస్‌ఈ వెర్షన్' అని మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే నంబర్ చూపిస్తుంది. చూపించలేదంటే మిగతావి వెతకడం దండగ.

గేమ్‌ను సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టడం కూడా ఇబ్బందే. విండోస్ ఆ ఫోల్డర్‌కు కాపలా కాస్తుంది, మోడ్ ఫైళ్లను మార్చనివ్వదు. వేరే ఫోల్డర్‌లో స్టీమ్ లైబ్రరీ పెట్టుకుని అక్కడికి మార్చుకుంటే సరిపోతుంది.

గేమే చెబుతుంది తప్పెక్కడో

క్రాష్ ఎప్పుడు అవుతోందన్నది పెద్ద ఆధారం. మెయిన్ మెనూ రాకముందే పోతే, ఒక మోడ్‌కు కావాల్సిన ఇంకో మోడ్ లేదని చాలాసార్లు అర్థం. దీన్నే మిస్సింగ్ మాస్టర్ అంటారు. మోడ్ ఆర్గనైజర్, వోర్టెక్స్ లాంటి మేనేజర్లు దీన్ని వార్నింగ్‌తో చూపిస్తాయి. ఆ వార్నింగ్‌ను చదవకుండా క్లోజ్ చేసేవాళ్లే ఎక్కువ.

గేమ్‌లో వస్తువులు వంకాయ రంగులో కనిపిస్తే వాటి టెక్స్చర్ ఫైల్ లేదు. ఎర్రటి త్రికోణంలో ఆశ్చర్యార్థకం కనిపిస్తే ఆ వస్తువు ఆకారం ఉండే మెష్ ఫైల్ లేదు. మనుషులు చేతులు చాపి దిష్టిబొమ్మల్లా నిలబడిపోతే, యానిమేషన్ మోడ్ వేశాక నెమెసిస్ లాంటి టూల్ నడపడం మర్చిపోయారన్నమాట. ఒంటికి ఒక రంగు, ముఖానికి నల్లరంగు ఉంటే రెండు మోడ్స్ ఒకే మనిషి ముఖం కోసం కొట్టుకుంటున్నాయి. ఈ నాలుగూ చూడ్డానికి భయంగా ఉన్నా తేలిగ్గా సరిచేసుకోగలిగినవే.

అసలు తలనొప్పి ఆడుతుండగా హఠాత్తుగా డెస్క్‌టాప్‌కు వచ్చేయడం. ఇందుకోసం క్రాష్ లాగర్ అనే చిన్న మోడ్ ఉంది. క్రాష్ అయిన ప్రతిసారి డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్ లోపల, స్కైరిమ్ ఫోల్డర్‌లోని ఎస్‌కేఎస్‌ఈ ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ రాసిపెడుతుంది. చూస్తే బ్రహ్మలిపిలా ఉంటుంది కానీ అంతా చదవక్కర్లేదు. మధ్యలో ఏదైనా మోడ్ పేరో, ప్లగిన్ ఫైల్ పేరో కనిపిస్తుంది. రెండు మూడు క్రాష్ లాగ్‌లలో ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తే ముందు పట్టుకోవాల్సింది దాన్నే.

లాగ్‌లో ఏమీ దొరక్కపోతే సగం పద్ధతి. వంద మోడ్స్ ఉంటే ఒక్కొక్కటే తీసి చూడటం వంద సార్లు. అదే సగం ఆపేసి చూస్తే తప్పు ఏ సగంలో ఉందో తేలుతుంది. ఆ సగాన్ని మళ్లీ సగం. ఇలా ఏడు సార్లలో దొంగ దొరుకుతాడు. ఒక మోడ్ మీద ఇంకో మోడ్ ఆధారపడితే రెండింటినీ కలిపే ఆపాలి. ఈ పరీక్షంతా కొత్త గేమ్ మొదలుపెట్టి చేయాలి, పాత సేవ్ మీద మాత్రం అస్సలు కాదు.

వంద గంటల సేవ్‌ను ఏం చేయాలి?

ఇది ముఖ్యమైన సంగతి. ఆకులు, నీళ్లు, రాళ్ల రంగులు మార్చే టెక్స్చర్ మోడ్స్‌ను ఎప్పుడైనా తీసేయొచ్చు. కానీ కొత్త క్వెస్టులు, కొత్త మనుషులు, ఆకలి దప్పికల లాంటి సిస్టమ్స్ తెచ్చే స్క్రిప్ట్ మోడ్స్ అలా కాదు. వాటి లెక్కలన్నీ సేవ్ ఫైల్‌లోకి ఎక్కిపోతాయి. మధ్యలో మోడ్ తీసేస్తే గేమ్ ఓపెన్ అవుతుంది, ఒక గంట బాగానే నడుస్తుంది కూడా. మోసమంతా అక్కడే. లేని స్క్రిప్టుల తాలూకు అవశేషాలు సేవ్‌లో ఉండిపోయి, పది ఇరవై గంటల తర్వాత ఎక్కడో క్వెస్ట్ ఆగిపోతుంది, లేదంటే సేవ్ లోడ్ కాదు. అప్పటికి మంచి సేవ్‌ల మీద కొత్తవి ఎక్కేసి ఉంటాయి.

రీసేవర్ అనే టూల్‌తో ఇలాంటి అవశేషాలను శుభ్రం చేసే వీలుంది కానీ అది గ్యారంటీ వైద్యం కాదు. ఏ మార్పు చేసినా ముందు సేవ్స్ ఫోల్డర్‌ను కాపీ చేసి వేరే చోట పెట్టుకోవడమే మేలు. రెండు నిమిషాల పని. ఆ తర్వాత స్టీమ్‌లో 'గేమ్ ఓపెన్ చేసినప్పుడే అప్‌డేట్ చేయి' అనే ఆప్షన్ పెట్టుకుంటే రాత్రికి రాత్రే వెర్షన్ మారిపోయే బెడద తగ్గుతుంది.

క్రాష్ లేదు కానీ స్లో అంటే..

ఇక్కడ లెక్క వేరు. 4కే టెక్స్చర్ ఒక్కటి, కంప్రెస్ చేసిన తర్వాత కూడా, గ్రాఫిక్స్ మెమరీలో సుమారు 16 ఎంబీ తీసుకుంటుంది. అదే 2కే అయితే 4 ఎంబీ. నాలుగో వంతన్నమాట. 4 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో, అడవిలో నిలబడితే కనిపించే చెట్లు, రాళ్లు, గోడలు, బట్టలు అన్నీ 4కేలో వేస్తే మెమరీ నిండిపోయి గేమ్ కుదుపులు మొదలెడుతుంది. పదిహేను అంగుళాల స్క్రీన్ మీద 2కేకు, 4కేకు తేడా కనిపెట్టడం కష్టం. వీడియోలో చూసింది ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు మీద రికార్డు చేసినదని గుర్తుంచుకోవాలి. ఈఎన్‌బీ లాంటి లైటింగ్ హంగులు, దట్టమైన గడ్డి మోడ్స్, దూరం వరకు పడే నీడలు.. ఈ మూడూ తగ్గిస్తేనే సగం బరువు దిగినట్టు ఉంటుంది.

విచిత్రమేంటంటే ఎక్కువ స్పీడ్ కూడా సమస్యే. స్కైరిమ్‌లో వస్తువుల కదలిక లెక్క 60 ఎఫ్‌పీఎస్‌కు ముడిపడి ఉంటుంది. 144 హెర్ట్జ్ స్క్రీన్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో దాన్ని వదిలేస్తే గేమ్ మొదట్లో ఖైదీలను తీసుకెళ్లే బండి గాల్లోకి ఎగిరి పల్టీలు కొడుతుంది. టేబుల్ మీది గిన్నెలు వాటంతట అవే ఎగురుతాయి. దెయ్యం పట్టలేదు, 60 దగ్గర లాక్ చేస్తే చాలు. అంతకంటే ఎక్కువ కావాలంటే డిస్‌ప్లే ట్వీక్స్ అనే మోడ్ ఉంది.

ఎండ, నాపరాయి దుమ్ము, కరెంటు కోత

బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల చుట్టుపక్కల ఆడేవాళ్లు ఇంకొన్ని చూసుకోవాలి. బేనిషా మామిడి పండే కాలమంటే ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. గదిలో వేడి పది డిగ్రీలు పెరిగితే ల్యాప్‌టాప్ లోపలి చిప్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. 95 నుంచి 100 డిగ్రీల దగ్గరికి రాగానే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తుంది. జనవరిలో బాగా నడిచిన మోడ్స్ ఏప్రిల్‌లో స్లో అయ్యాయంటే మోడ్‌ను తిట్టుకోవడం కాదు, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ఫ్రీ టూల్‌తో టెంపరేచర్ చూడాలి.

నాపరాళ్ల గనులు, పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర ఉండే ఇళ్లలో సన్నటి తెల్లదుమ్ము ల్యాప్‌టాప్ ఫ్యాన్‌లో పేరుకుపోతుంది. గాలి బయటికి పోయే దారి మూసుకుపోతే ఎన్ని సెట్టింగ్స్ తగ్గించినా లాభం ఉండదు. విప్పి శుభ్రం చేయించి, థర్మల్ పేస్ట్ మార్పిస్తే చాలాసార్లు కొత్త ల్యాప్‌టాప్ అవసరమే రాదు. మంచం మీద, పరుపు మీద పెట్టి ఆడే అలవాటు మానాలి. కింద బండల మీద పెట్టి, వెనక వైపు రెండు పుస్తకాలు ఎత్తు పెట్టినా నయమే.

కరెంటు పోయిన నిమిషమే గేమ్ స్లో అయిందంటే అది మోడ్ తప్పు కాదు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌కు పవర్ తగ్గించేస్తుంది. అలాగే రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్న ల్యాప్‌టాప్‌లలో గేమ్ ఒక్కోసారి చిన్నదాని మీద నడుస్తూ ఉంటుంది. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్‌కు వెళ్లి స్కైరిమ్‌కు హై పెర్ఫార్మెన్స్ పెట్టాలి.

ఇవన్నీ చూశాక కూడా స్లోగానే ఉంటే అప్పుడు డబ్బుల మాట. గేమ్ ఆడుతుండగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడాలి. ర్యామ్ 90 శాతం దాటి, గ్రాఫిక్స్ మెమరీలో ఇంకా ఖాళీ కనిపిస్తే రెండో ర్యామ్ స్టిక్ వేయించుకోవడంలో అర్థం ఉంది. ఒక్కటే 8 జీబీ స్టిక్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో దీనితో తేడా బాగా తెలుస్తుంది. నిండిపోయింది గ్రాఫిక్స్ మెమరీ అయితే మాత్రం ఎంత ర్యామ్ వేసినా ఆ కుదుపులు పోవు. ఆ 4కే మోడ్స్ తీసి 2కే వేసుకోవాల్సిందే, దానికి పైసా ఖర్చు లేదు.