పుట్టిన తేదీ, డాక్టరు ఇచ్చిన తేదీ: నెలలు నిండని కవలల వయసు లెక్క

కిందటి విభాగంలో శిశువు మెడ నిలపడం, బోర్లాపడటం, కూర్చోవడం, నడవడం వంటి వికాస దశలను చదివారు. ఆ వయసులన్నీ నెలలు నిండి పుట్టిన బిడ్డకు సంబంధించినవి. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను అదే కొలతతో చూస్తే తప్పు లెక్క వస్తుంది. కవలల్లో చాలామంది ఇలా ముందుగానే పుడతారు కాబట్టి మీరు పనిచేసే ఊళ్ళో ఈ సమస్య ఎప్పుడో ఒకప్పుడు మీ ముందుకు వస్తుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. తల్లి అత్తవారి ఊరు జగ్గయ్యపేట దగ్గర, పుట్టిల్లు నందిగామ. 2023 ఫిబ్రవరి 13 చివరి బహిష్టు మొదటి రోజు. దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే డాక్టరు ఇచ్చిన ప్రసవ తేదీ నవంబరు 20. కడుపులో కవలలు. 32 వారాలకే, సెప్టెంబరు 25న, విజయవాడలో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. కొన్ని వారాలు నవజాత శిశు విభాగంలో ఉండి నందిగామ చేరారు. 2024 మే 25 నాటికి ఇద్దరికీ ఎనిమిది నెలలు. పెద్దది కూర్చుంటోంది. చిన్నదాన్ని కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతోంది. పక్కింటి బిడ్డ ఆరు నెలలకే కూర్చుందని అమ్మమ్మ దిగులు. జగ్గయ్యపేట నుంచి ఫోన్‌లో నాయనమ్మ, "నెలలు తక్కువ పిల్లలు కదమ్మా, అన్నీ అవే వస్తాయి" అంటుంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

సవరించిన వయసు

పూర్తి గర్భకాలం 40 వారాలు. ఈ పిల్లలు 32 వారాలకు పుట్టారు, అంటే 8 వారాలు ముందు. పుట్టిన తేదీ నుంచి లెక్కించిన వయసులోంచి ఆ 8 వారాలు తీసేస్తే వచ్చేది సవరించిన వయసు. బిడ్డ మెదడు, నరాలు ఎదిగే క్రమం గర్భంలోనే మొదలవుతుంది. ముందుగా బయటికి వచ్చినంత మాత్రాన ఆ ఎదుగుదల వేగం పుంజుకోదు. మిగిలిన ఎనిమిది వారాల పని బయట జరగాలి.

తీసివేత చేయనక్కరలేని సులువు మార్గం ఒకటి ఉంది. తల్లీబిడ్డల కార్డులో రాసిన ప్రసవ తేదీని చూసి, బిడ్డ ఆ రోజే పుట్టినట్టు లెక్కించండి. నవంబరు 20 నుంచి మే 20కి ఆరు నెలలు. కాబట్టి మే 25న ఈ కవలల సవరించిన వయసు ఆరు నెలల అయిదు రోజులు.

తేదీ దొరకనప్పుడు ఇంట్లోవాళ్ళు చెప్పే నెలలను జాగ్రత్తగా వినండి. "ఏడో నెలలో పుట్టారు" అంటే ఆరు నిండి ఏడు నడుస్తున్నట్టు, అంటే సుమారు 26 నుంచి 30 వారాలు. "ఏడు నెలలు నిండి పుట్టారు" అంటే 30 వారాలు దాటినట్టు. ఒక్క మాట తేడాతో లెక్క నెల పైగా మారిపోతుంది. అందుకే స్కానింగు కాగితం, డిశ్చార్జి కాగితం అడిగి చూడండి. ఈ సందర్భంలోనే, ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలు బతకరు అనే మాట మీకు వినిపించవచ్చు. అది పూర్తిగా తప్పు. గర్భంలో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే.

చిన్నది ఇంకా కూర్చోలేదు: ఆగాలా, చూపించాలా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనంలో భారతదేశం సహా అయిదు దేశాల ఆరోగ్యవంతమైన పిల్లలను గమనించారు. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య వచ్చాయి. ఒక్కో దశకు ఒక తేదీ కాకుండా ఇంత వెడల్పైన వ్యవధి ఉందని గుర్తుంచుకోండి. మన కవలల్లో చిన్నది సవరించిన ఆరు నెలలకు కూర్చోకపోవడం ఆ వ్యవధిలోనే ఉంది. పెద్దది ముందుగా కూర్చోవడమూ అందులోనే ఉంది.

త్రివేండ్రంలోని శిశు వికాస కేంద్రం తయారుచేసిన పట్టిక కూడా ఇలాగే పనిచేస్తుంది. రెండేళ్ళలోపు పిల్లల కోసం అందులో 17 అంశాలు ఉంటాయి. బిడ్డ వయసు దగ్గర పెన్సిలు నిలువుగా పెట్టి, పెన్సిలుకు ఎడమవైపు పూర్తిగా ఉండిపోయిన అంశాల్లో బిడ్డ చేయనిది ఏదైనా ఉందేమో చూస్తారు. ఉంటే డాక్టరుకు చూపించాలి. నెలలు నిండని బిడ్డకు ఆ పెన్సిలును ఎనిమిది నెలల దగ్గర కాక ఆరు నెలల దగ్గర పెట్టడమే మీరు చేయవలసిన మార్పు.

ఇక్కడ కవలల విషయంలో తరచు జరిగే పొరపాటు ఒకటుంది. చిన్నది పుట్టినప్పుడు బరువు తక్కువ కాబట్టి దానికి ఇంకో నెల తగ్గిద్దాం అనుకుంటారు. అలా తగ్గించకూడదు. సవరణ వారాలకే గాని బరువుకు కాదు. ఇద్దరూ ఒకే గర్భంలో ఒకే కాలం ఉన్నారు కాబట్టి ఇద్దరి సవరించిన వయసూ ఒక్కటే. బరువు బాగా తక్కువైన బిడ్డను మరింత శ్రద్ధగా చూడాలి. అక్కను కొలతగా పెట్టి చెల్లిని చూడటమూ తప్పే. ఒక్కొక్కరినీ పట్టికతో విడివిడిగా పోల్చండి.

నాయనమ్మ మాటలో సగం నిజం ఉంది, మిగిలిన సగం ప్రమాదం. కొన్ని లక్షణాలను ఏ సవరణా కప్పిపుచ్చదు. ఎత్తుకోగానే కాళ్ళు కత్తెరలా బిగుసుకోవడం, సవరించిన నాలుగు నెలలు దాటినా పిడికిళ్ళు విప్పకపోవడం, ముఖం వైపు చూపు నిలపకపోవడం, శబ్దానికి స్పందించకపోవడం, వచ్చిన పని మళ్ళీ పోవడం వంటివి కనిపిస్తే ఎదురుచూడవద్దు. ఏడాది లోపు బిడ్డ ఎప్పుడూ ఒకే చేయి చాపుతుంటే "ఎడమచేతి వాటం" అని నవ్వుకుంటాం. ఆ వయసులో చేతివాటం స్థిరపడదు, రెండో చేతిలో బలహీనత ఉందేమో పరీక్షించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చెబితే జిల్లా స్థాయి ముందస్తు చికిత్స కేంద్రానికి పంపిస్తారు.

సవరించకూడని చోట్లు

టీకాలు పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి. ఆరు వారాల టీకాలు ఈ పిల్లలకు 2023 నవంబరు 6న వేయాలి, అంటే డాక్టరు ఇచ్చిన ప్రసవ తేదీ కంటే రెండు వారాల ముందే. "ఇంకా చిన్నపిల్లలు" అని ఆపితే, రోగాలను తట్టుకునే శక్తి తక్కువగా ఉన్న పిల్లలకే రక్షణ ఆలస్యమవుతుంది.

కంటిపరీక్ష ఇంకా ముఖ్యం. 34 వారాల లోపు గాని, రెండు కిలోల లోపు బరువుతో గాని పుట్టిన బిడ్డకు కంటి రెటీనా పరీక్ష పుట్టిన 30 రోజుల లోపు జరగాలి. మరీ ముందుగా పుట్టినవారికి ఇంకా తొందరగా జరగాలి. మన కవలలకు గడువు అక్టోబరు 25. సవరించిన లెక్కలో అప్పటికి వాళ్ళింకా పుట్టనే లేదు! ఈ పరీక్ష తప్పిపోతే చూపు పోవచ్చు, తరువాత తిరిగి తేలేం. విజయవాడ నుంచి వచ్చిన డిశ్చార్జి కాగితంలో ఈ పరీక్ష తేదీ ఉందేమో మొదట వెతకండి.

అంగన్‌వాడీ రిజిస్టరులో పుట్టిన తేదీని మార్చకూడదు. బరువు పట్టికలో మాత్రం సవరించిన వయసు దగ్గర చుక్క పెట్టమని అడగవచ్చు. బిడ్డలు పుట్టింటికీ అత్తింటికీ తిరుగుతుంటారు కాబట్టి, కార్డు మొదటి పేజీలో "32 వారాలు, ప్రసవ తేదీ 20-11-2023" అని స్పష్టంగా రాయించండి. నందిగామ కార్యకర్త చేసిన లెక్కే జగ్గయ్యపేట కార్యకర్తా చేస్తుంది. పై ఆహారం ఎప్పుడు మొదలుపెట్టాలో పిల్లల డాక్టరును అడిగి నిర్ణయించాలి.

రెండేళ్ళు నిండాక సాధారణంగా ఈ సవరణ ఆపేస్తారు. ఎనిమిది నెలల్లో ఎనిమిది వారాలు నాలుగో వంతు. రెండేళ్ళకు అది పన్నెండో వంతే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

డాక్టరు ఇచ్చిన తేదీ 2024 జూలై 15. కవలలు జూన్ 3న పుట్టారు. 2025 ఏప్రిల్ 15న మీరు ఇంటికి వెళ్ళారు. బాబు పాకుతున్నాడు. పాప కూర్చుంటోంది గాని పాకడం లేదు, కుడిచేత్తోనే అన్నీ అందుకుంటోంది. తొమ్మిది నెలల టీకా ఇద్దరికీ వేయించలేదు. సవరించిన వయసు ఎంత? దేనికి ఆగుతారు, దేనికి ఆగరు?

జవాబు: ఆరు వారాలు ముందు పుట్టారు, సవరించిన వయసు తొమ్మిది నెలలు. మోకాళ్ళ మీద పాకడం 13.5 నెలల వరకు రావచ్చు, కొందరు పిల్లలు పాకకుండానే నడుస్తారు. అందుకు ఆగవచ్చు. టీకా గడువు మార్చి 3నే వచ్చింది, వెంటనే వేయించాలి. పాప ఎడమ చేతిని ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి.