అడ్జెక్టివ్ అంటే ఏంది? ‘మంచిగ’ అనే మాటతోటి ఇంగ్లీషులో మనకొచ్చే తిప్పలు

పోయిన ఎపిసోడ్‌లో నౌన్ గురించి చెప్పుకున్నం. ఈ రోజు ఆ నౌన్ పక్కనే నిలబడే అడ్జెక్టివ్ గురించి మాట్లాడుకుందాం. తెలుగు వ్యాకరణంలో దీన్ని విశేషణం అంటరు. ‘నామవాచకం గుణాన్ని తెలిపేది విశేషణం’ అని మనం బళ్ళో బట్టీ కొట్టినం. అది తప్పేం కాదు. కానీ ఆ ఒక్క ముక్క తెలిసినంత మాత్రాన నోట్లోంచి ఇంగ్లీషు సరిగ్గా రాదు. అందుకని ఇంకో దిక్కు నుంచి మొదలుపెడదాం.

నేను మాట్లాడేది శ్రీరాంపూర్ నుంచి. హైదరాబాద్‌లో ఎవరికన్నా ‘మాది శ్రీరాంపూర్’ అని చెప్తే ‘ఏ శ్రీరాంపూర్?’ అంటరు. పెద్దపల్లి దిక్కు ఒకటుంది, దాన్ని కాల్వశ్రీరాంపూర్ అంటరు. మాది మంచిర్యాల దగ్గర, బొగ్గుబాయిలు ఉన్న సింగరేణి శ్రీరాంపూర్. ముందర ‘కాల్వ’ అనో ‘సింగరేణి’ అనో ఒక్క మాట పెట్టంగనే అనుమానం తీరింది కదా. అడ్జెక్టివ్ చేసే పని ఇదే. పది ఒకేలాంటివి ఉన్న చోట ‘ఏది?’, ‘ఎట్లాంటిది?’, ‘ఎన్ని?’ అన్నదానికి జవాబు చెప్తది. ‘బ్లాక్ కోల్’ అంటే ఎట్లాంటి బొగ్గో తెలిసింది. ‘దిస్ మైన్’ అంటే ఏ బాయో తెలిసింది. ‘త్రీ షిఫ్ట్స్’ అంటే ఎన్ని షిఫ్టులో తెలిసింది. నిజానికి ‘కాల్వ’, ‘సింగరేణి’ రెండూ నౌన్లే, కానీ ఇక్కడ అడ్జెక్టివ్ డ్యూటీ చేస్తున్నయి. ఇంగ్లీషులో కూడా అంతే. ‘కోల్ మైన్’లో ‘కోల్’ నౌనే, పని మాత్రం అడ్జెక్టివ్ పని.

శ్రీరాంపూర్ పేరు వచ్చింది కాబట్టి ఒక ముచ్చట చెప్పి ముందుకు పోత. బెంగాల్‌లో కూడా ఒక శ్రీరాంపూర్ ఉంది, ఇంగ్లీషోళ్ళు సెరంపూర్ అన్నరు. విలియం కేరీ అనే మిషనరీ తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాసి 1814లో అక్కడి ప్రెస్సులోనే అచ్చేయించిండు. మన భాష వాళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పే పని ఒక శ్రీరాంపూర్‌లో జరిగితే, వాళ్ళ భాష మనకు అర్థమయ్యేటట్టు చెప్పే పని నేను ఇంకో శ్రీరాంపూర్‌లో చేస్తున్న.

సరే, అసలు విషయం. ఇంగ్లీషు అడ్జెక్టివ్‌లో మనకు కలిసొచ్చేది ఒకటుంది, అది మారదు. తెలుగులో చూడండి. ‘పెద్ద ఇల్లు’ అన్నంతవరకు బాగనే ఉంటది. అదే వెనక పెడితే ‘ఇల్లు పెద్దది’, ‘ఇండ్లు పెద్దవి’, ‘ఆయన పెద్దోడు’, ‘వాళ్ళు పెద్దోళ్ళు’, ఇట్ల ఎన్ని రూపాలో. ఇంగ్లీషులో అన్నిటికీ ‘బిగ్’ ఒక్కటే. ఇల్లు ఒకటైనా వందైనా ‘బిగ్’ అంటే ‘బిగ్’. దానికి ‘ఎస్’ తగలదు.

ఇంత సులువైన దాంట్ల కూడా మన పిల్లలు ఒక దగ్గర దెబ్బ తింటరు. మైనింగ్ డిప్లొమా మూడేండ్ల కోర్సు. రెజ్యూమెలో ‘ఎ త్రీ-ఇయర్స్ డిప్లొమా’ అని రాస్తరు. మూడేండ్లు కదా, ‘ఇయర్స్’ అనాలె కదా అని అడుగుతరు. ‘డిప్లొమా’ అనే నౌన్ ముందరికి వచ్చి నిలబడంగనే ‘త్రీ-ఇయర్’ మొత్తం కలిసి ఒక అడ్జెక్టివ్ అయింది. అడ్జెక్టివ్‌కు ‘ఎస్’ తగలదని ఇప్పుడే అనుకున్నం. కాబట్టి ‘ఎ త్రీ-ఇయర్ డిప్లొమా’. అదే వెనక పెట్టి చెప్తే ‘ద డిప్లొమా ఈజ్ త్రీ ఇయర్స్ లాంగ్’, అక్కడ ‘ఇయర్స్’ మళ్ళీ మామూలు నౌన్, అందుకే ‘ఎస్’ వచ్చింది.

ఇంగ్లీషులో అడ్జెక్టివ్ రెండు చోట్ల కూసుంటది. ఒకటి నౌన్ ముందర: ‘వెట్ కోల్’, తడి బొగ్గు. రెండోది ‘ఈజ్’, ‘ఆర్’, ‘వాజ్’ లాంటి మాటల తర్వాత: ‘ద కోల్ ఈజ్ వెట్’, బొగ్గు తడిగ ఉంది. చూసిన్రా, తెలుగులో ‘తడి’ కాస్తా ‘తడిగ’ అయింది. ఈ ‘గ’ దగ్గరనే మన తెలంగాణోళ్ళకు అసలు తిప్పలు మొదలైతయి.

మనం ‘మంచిగ’ అన్న మాట ఎన్నిసార్లు వాడుతమో ఒక్క రోజు లెక్కపెట్టుకోండి. ‘మంచిగున్నవా?’ ‘మంచిగ పాడిండు.’ ‘కూర మంచిగ వాసన వస్తంది.’ ‘రోడ్డు మంచిగ లేదు.’ మనకు అన్నీ ఒకటే ‘మంచిగ’. ఇంగ్లీషులో అవి రెండు జాతులు. పని ఎట్ల జరిగిందో చెప్తే అడ్వర్బ్: ‘హీ సాంగ్ వెల్’. వస్తువు ఎట్లుందో చెప్తే అడ్జెక్టివ్: ‘ద రోడ్ ఈజ్ నాట్ గుడ్’. ఇక కూర సంగతి. ‘స్మెల్స్’ అనేది క్రియనే, కానీ కూర ఏ పనీ చేస్తలేదు. కూర ఎట్లుందో మన ముక్కు చెప్తంది, అంతే. అందుకే ‘ఇట్ స్మెల్స్ గుడ్’, ‘వెల్’ కాదు. ‘లుక్’, ‘ఫీల్’, ‘టేస్ట్’, ‘సౌండ్’ కూడా ఇదే గుంపు. గుర్తు ఏందంటే, ఆ క్రియ తీసేసి ‘ఈజ్’ పెట్టి చూడాలె. ‘ద కర్రీ ఈజ్ గుడ్’ అన్నా అర్థం చెడలేదు. అంటే అక్కడ అడ్జెక్టివే రావాలె. ‘హీ సాంగ్’ తీసి ‘హీ ఈజ్’ పెడితే అర్థమే మారిపోతది. అంటే అక్కడ అడ్వర్బ్.

ఇది నాకు నిజంగ అర్థమైంది ఒక తమ్ముని వల్ల. మైనింగ్ డిప్లొమా అయిపోయి ఓవర్‌మెన్ సర్టిఫికెట్ పరీక్షకు తయారైతుండె. డీజీఎమ్ఎస్ అంటే గనుల భద్రత చూసే కేంద్ర డైరెక్టరేట్, ఈ సర్టిఫికెట్లు ఇచ్చేది వాళ్ళే. నోటితోటి అడిగే పరీక్ష కోసం మా ఇంటి అరుగు మీద ప్రాక్టీసు చేయిస్తున్న. ‘హౌ ఈజ్ ద రూఫ్?’ అని అడిగిన. రూఫ్ అంటే బాయి లోపట మనిషి నెత్తి మీదుండే బండ. వాడు ‘రూఫ్ ఈజ్ నాట్ వెల్ సర్’ అన్నడు. నాకు నవ్వాగలేదు. ‘నాట్ వెల్’ అంటే ఒంట్లో బాగలేదని. బండకు జ్వరమొచ్చిందా తమ్మీ అన్న.

మా బాపు పక్కన కూసుని వింటుండు. అండర్‌గ్రౌండ్‌లో చేసి రిటైర్ అయిన మనిషి, ఇంగ్లీషు చదువుకోలేదు. ఆయనకు నవ్వు రాలేదు. వాణ్ణి అడిగిండు, ‘మంచిగ లేదంటే ఎట్ల లేదు బిడ్డా? డొల్ల ఉన్నదా? పగిలిందా? నీళ్ళు కారుతున్నయా?’

నేను ఆ తమ్మునికి ‘నాట్ వెల్’ బదులు ‘నాట్ గుడ్’ అనాలని చెప్దామనుకున్న. గ్రామర్ ప్రకారం అది కరెక్టే. కానీ బాపు అడిగినంక అదీ పనికి రాదని తెలిసింది. బాయిల కర్రతోటో రాడ్‌తోటో రూఫ్‌ను కొట్టి సప్పుడు వింటరు. గట్టి బండ ఖంగుమంటది. పొర విడిపోయిన బండ డొల్ల సప్పుడు చేస్తది. డొల్ల ఉన్న దాని కింద ఎవ్వర్నీ నిలబడనియ్యరు. దాన్ని పడగొట్టి దింపాలె, లేకుంటే సపోర్ట్ వెయ్యాలె. షిఫ్ట్ అయినంక సర్దార్, ఓవర్‌మెన్ రిపోర్ట్ రాస్తరు, అది చూసుకునే తర్వాత షిఫ్ట్ వాళ్ళు దిగుతరు. ఆ రిపోర్ట్‌లో ‘నాట్ గుడ్’ అని రాస్తే తర్వాత వచ్చేటోనికి ఏం తెలుస్తది?

అందుకని ముగ్గురం కూసుని బాపు చెప్పిన మూడు మాటలకు ఇంగ్లీషు రాసినం. పగిలిన రూఫ్ ‘క్రాక్డ్’. నీళ్ళు కారేది ‘వెట్’. డొల్లకు గనుల ఇంగ్లీషులో ఒక మాటుంది, ‘డ్రమ్మీ’. డ్రమ్ము లెక్క మోగేది అని. నౌన్‌కు ‘వై’ తగిలిస్తే అడ్జెక్టివ్ అయితది: ‘డస్ట్’కు ‘డస్టీ’, ‘రెయిన్’కు ‘రెయినీ’, ‘గ్యాస్’కు ‘గ్యాసీ’, అట్లనే ‘డ్రమ్’కు ‘డ్రమ్మీ’. ‘ద రూఫ్ ఈజ్ డ్రమ్మీ’ అని ఆ తమ్ముడు గట్టిగ చదివితే బాపు అర్థమడిగి, ‘మేం అనేది అదే కదా’ అన్నడు.

ఇక నా సొంత కథ. నేను డిగ్రీ అయినంక హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పోయిన. ‘ఐ యామ్ వెరీ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ జాబ్’ అని ధైర్యంగ చెప్పిన. ఎదురుంగ కూసున్న ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఉద్యోగం రాలేదు, దానివల్లనే రాలేదని చెప్పలేను గానీ, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో మంచిర్యాల దాకా ఆ నవ్వు మొఖాలే కండ్లల్ల మెదిలినయి. ఏం తప్పు మాట్లాడిన్నో కూడా తెల్వదు నాకప్పుడు.

తప్పేందో చెప్త. ఇది తెలుగుతోటే తెలుసుకోవచ్చు. ‘పడుతున్న బండ’కూ ‘పడిన బండ’కూ తేడా మనకు ఎవ్వరూ నేర్పియ్యలేదు, పుట్టుకతోటే తెలుసు. ఇంగ్లీషులో మొదటిది ‘ఫాలింగ్ స్టోన్’, రెండోది ‘ఫాలెన్ స్టోన్’. ఇదే ‘ఇంగ్’ మనసుకు సంబంధించిన మాటల్లో ‘కలిగించేది’ అవుతది, ‘ఈడీ’ వస్తే ‘కలిగినవాడు’. ‘బోరింగ్ క్లాస్’ అంటే విసుగు పుట్టించే క్లాసు. ‘బోర్డ్ స్టూడెంట్’ అంటే విసుగు పుట్టిన పిల్లగాడు. ‘టైరింగ్ షిఫ్ట్’ అంటే అలసట తెచ్చే షిఫ్ట్, ‘టైర్డ్ వర్కర్’ అంటే అలసిపోయిన మనిషి. మరి నేను ‘ఐ యామ్ ఇంట్రెస్టింగ్’ అంటే, ‘నన్ను చూస్తే మీకు మస్తు ఆసక్తి కలుగుతది’ అని వాళ్ళకు నేనే చెప్పుకున్నట్టు. అనాల్సింది ‘ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ దిస్ జాబ్’. మనసుకు ఏమన్నా అయిందని చెప్పేటప్పుడు, అది ఎవరికి కలిగింది, దేనివల్ల కలిగింది అని ఒక్క క్షణం తెలుగులో అనుకుంటే చాలు.

రెండు మూడు అడ్జెక్టివ్‌లు వరుసగా వస్తే ఏది ముందు అని చాలామంది అడుగుతరు. పుస్తకాల్లో దానికి పెద్ద జాబితా ఉంటది: అభిప్రాయం, సైజు, వయసు, ఆకారం, రంగు, ఊరు, దేనితోటి చేసిందో. నేను అది బట్టీ కొట్టమని చెప్పను. బాయికి వేసుకుని పోయే బూట్లను మీరేమంటరు? ‘పాత నల్ల రబ్బరు బూట్లు’. ‘రబ్బరు నల్ల పాత బూట్లు’ అని ఎవ్వరన్నా అంటరా? ఇంగ్లీషులో కూడా అదే వరుస, ‘ఓల్డ్ బ్లాక్ రబ్బర్ బూట్స్’. దేనితోటి చేసిందో చెప్పే మాట వస్తువుకు ఆనుకుని ఉంటది, రంగు దాని ముందర, వయసు ఇంకా ముందర. చాలా చోట్ల మీ చెవినే నమ్ముకోవచ్చు.

పోల్చి చెప్పేటప్పుడు మాత్రం చెవిని నమ్మొద్దు. తెలుగులో ‘శ్రీరాంపూర్ కంటే మంచిర్యాల పెద్దది’ అంటం. ‘పెద్ద’ అన్న మాట మారలేదు, పనంతా ‘కంటే’ చేసింది. అందుకే మనోళ్ళు ‘మంచిర్యాల ఈజ్ బిగ్ దాన్ శ్రీరాంపూర్’ అంటరు. ఇంగ్లీషులో ‘దాన్’ ఒక్కటే ఉంటే సరిపోదు, అడ్జెక్టివ్ కూడా మారాలె: ‘బిగ్గర్ దాన్’. ఇది తెలిసినోళ్ళు ఇంకో అడుగు ఎక్కువేసి ‘మోర్ బిగ్గర్’ అంటరు, మన ‘ఇంకా పెద్దది’లోని ‘ఇంకా’ను తెచ్చి అతికించి. చిన్న మాటలకు ‘ఈఆర్’, ‘డేంజరస్’ లాంటి పొడుగు మాటలకు ‘మోర్’. ఏదన్నా ఒక్కటే, రెండూ కలిపి వద్దు. ‘గుడ్, బెటర్, బెస్ట్’, ‘బ్యాడ్, వర్స్, వర్స్ట్’ అనేవి మాత్రం ఏ లెక్కకూ రావు, వాటిని గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఈ వారం హోంవర్క్ చెప్త, నోట్‌బుక్ తీసుకోండి. రేపు పొద్దటి నుంచి మీ నోట్లోంచి ‘మంచిగ’ అని వచ్చిన ప్రతిసారీ ఆ వాక్యం రాసుకోండి. ఒక పది అయినంక ఒక్కొక్కదాని పక్కన రాయండి, పని ఎట్ల జరిగిందో చెప్తందా, వస్తువు ఎట్లుందో చెప్తందా అని. వస్తువు సంగతైతే ‘గుడ్’ అని రాసి ఊకోకండి. మా బాపు అడిగినట్టు ‘ఎట్ల మంచిగుంది?’ అని అడిగి, దానికి సరిపోయే ఇంకో అడ్జెక్టివ్ వెతికి రాయండి. కూర అయితే కారంగ ఉందా, పుల్లగ ఉందా? రోడ్డు అయితే సాఫుగ ఉందా, వెడల్పుగ ఉందా?

ఆ తమ్ముడు వచ్చే నెల పరీక్షకు పోతున్నడు. వచ్చే ఎపిసోడ్‌లో అడ్వర్బ్ సంగతి చూద్దాం. ఉంట మరి, నమస్తే.