వరి, జొన్న విడిపోయింది ఎప్పుడు? పిస్దూరా పేడ రాళ్లతో మారిన లెక్క

జొన్న రొట్టె, వరి అన్నం రెండూ తినే మన ఆదిలాబాద్ ప్రాంతంలో ఆ రెండు పైర్లూ దాయాదులంటే ఆశ్చర్యపోయేవారు తక్కువ. రెండూ గడ్డి జాతివే. ఆకు చూసినా, కణుపు చూసినా పోలిక తెలుస్తుంది. అయితే అవి వేరుపడింది ఎప్పుడు? సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితమని శాస్త్రజ్ఞులు చాలాకాలం చెబుతూ వచ్చారు. మన సరిహద్దు దాటగానే వచ్చే చంద్రపూర్ జిల్లాలో దొరికిన రాళ్లు ఆ జవాబును కదిలించాయి.

ముందు లెక్క కట్టే తీరు చూద్దాం. తల్లి మొక్క గుణాలు పిల్ల మొక్కకు వచ్చేది డిఎన్ఎ అనే పదార్థం ద్వారా. నాలుగే అక్షరాలతో రాసిన పొడుగాటి చిట్టా అనుకోవచ్చు. తరం మారినప్పుడల్లా దానికి నకలు తయారవుతుంది. వెనకటి రోజుల్లో పట్వారీ పహాణీకి నకలు రాసినట్టే, ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. ఆ తప్పు తరువాతి నకలులోకీ వెళుతుంది. ఒకే పహాణీ నుంచి ఇద్దరు వేరువేరు ఊళ్లలో నకళ్లు రాస్తూ పోయారనుకోండి. కొన్నాళ్లకు రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, తేడాలు ఎన్ని ఎక్కువైతే విడిపోయి అంత ఎక్కువ కాలమైనట్టు. 1960 దశకంలో జుకర్‌కాండల్, లైనస్ పౌలింగ్ అనే శాస్త్రజ్ఞులు నెత్తురులోని ప్రోటీన్లను పోల్చి ఈ ఉపాయం చెప్పారు.

గడ్డి జాతుల్లో వెయ్యి అక్షరాలకు 10 లక్షల ఏళ్లలో ఆరేడు మారతాయని ఒక లెక్క వాడుకలో ఉంది. అదీ మొక్కకు మేలూ కీడూ చేయని అక్షరాల సంగతి. తాటి జాతి చెట్లలో మార్పు ఇంకా నెమ్మది. కనుక ఒకరి గడియారం మరొకరికి పనికిరాదు.

పైగా తేడాలు లెక్కబెడితే తప్పులెన్నో తెలుస్తాయి గాని ఏళ్లెన్నో తెలియవు. తారీఖు వేసిన కాగితం ఒకటైనా చేతిలో ఉండాలి. మొక్కల విషయంలో ఆ కాగితం శిలాజం, అంటే రాయిగా మారిన పాత ఆనవాలు.

చంద్రపూర్ జిల్లా వరోరా దగ్గరి పిస్దూరాలో దొరికింది అలాంటిదే. రాయిగా మారిన రాక్షసబల్లుల పేడ! వయసు సుమారు 6 కోట్ల 50 లక్షల ఏళ్ల పైమాటే. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన వందనా ప్రసాద్, ఆమె సహచరులు దాన్ని పరీక్షించి, అందులో గడ్డి రేణువులు ఉన్నాయని 2005లో ప్రకటించారు. రాక్షసబల్లులు అంతరించిన తరువాతే గడ్డి వ్యాపించిందని అప్పటిదాకా అనుకునేవారు.

ఈ రేణువులేమిటో మన రైతులకు చెప్పనక్కరలేదు. వరి ఆకు చేతిని గీసేది, ఊక కాలిస్తే తెల్లటి బూడిద మిగిలేది ఈ ఇసుక పదార్థం వల్లే. ఆకు కుళ్లినా ఇది కుళ్లదు. జాతిని బట్టి దీని ఆకారం మారుతుంది. వాటిలో వరి తెగకు చెందినవీ ఉన్నాయని 2011లో ఆ బృందం తేల్చింది.

వరి తెగ అప్పటికే ఉంటే, అంతకు ముందే జరగవలసిన వరి-జొన్న పంపకం 5 కోట్ల ఏళ్ల నాటిది ఎలా అవుతుంది? తాత కన్నా మనవడు పెద్దవాడైనట్టు ఉంటుంది. ఈ రేణువులను నమ్మి లెక్క కడితే వేరుపడిన కాలం 7 కోట్ల ఏళ్లు దాటుతుంది. వాటిని పక్కన పెట్టి కట్టినవారికి పాత లెక్కే వస్తోంది. అక్షరాలు అవే, తారీఖు కాగితం మారిందంతే. పిస్దూరా కాగితాన్ని కాదనడానికి గట్టి కారణం ఈ విలేకరికి కనిపించలేదు.

చుట్టరికం వరుస మీద మాత్రం తగాదా లేదు. వరికి జొన్న కన్నా వెదురు దగ్గరి చుట్టం. గోధుమ కూడా ఆ వైపుదే. మొక్కజొన్న జొన్న వైపుది.

ఈ పంపకం తెలిస్తే ఏ గుణం ఎవరి వాటాకు వచ్చిందో తెలుస్తుంది. ఎండలో తక్కువ నీటితో ఎక్కువ ఆహారం తయారుచేసుకునే పద్ధతి జొన్న వైపు వచ్చింది వేరుపడిన తరువాతే. అందుకే వరికి అది లేదు. దాన్ని వరిలోకి తేవాలని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2008లో పని మొదలుపెట్టింది. అలాంటి వరి ఇంకా రైతు పొలానికి రాలేదు.