విహార నౌకలో ప్రశాంతత ఎక్కడ?

కోల్‌కతాలోని ఏక్‌బాల్‌పూర్‌కు చేరువలో ఉన్న ఖిదిర్‌పూర్ రేవు 1892లో ప్రారంభమైంది. అండమాన్ నౌకల ప్రయాణికులకు ఇది చిరపరిచితం. మూడు నాలుగు రోజుల ఆ ప్రయాణంలో ఏకాంతం కోరేవారు పైడెక్కును ఆశ్రయిస్తారు.

విహార నౌకల తీరు వేరు. అక్కడ వినోదమే ప్రధానం. సంగీత నృత్యాల సందడి రాత్రి పొద్దుపోయేవరకూ సాగుతుంది. 2023 సెప్టెంబరులో విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఈ ప్రయాణాన్ని తలపెట్టే తెలుగువారిలో వయోవృద్ధులూ ఉంటారు. హోరు సరిపడనంత మాత్రాన వారు గదికే పరిమితం కానవసరం లేదు.

పెద్ద నౌకల్లో బార్లు, లాంజ్‌లు అనేకం. భోజనశాలను, నాటకశాలను, దుకాణాలను కలిపే దారిలో ఉన్నవే కిటకిటలాడతాయి. ఆ దారికి ఎడంగా, పై అంతస్తుల ముందు భాగాన ఉన్నవి చాలామంది కంటపడవు. క్వీన్ మేరీ 2 నౌకలో తొమ్మిదో డెక్కు ముందు కొసన ఉన్న కమొడోర్ క్లబ్ అటువంటి చోట ఏర్పాటైనదే.

వేళ కూడా ముఖ్యమే. నౌక రేవులో ఆగినప్పుడు, ప్రదర్శనలు జరుగుతున్నప్పుడు ఇవి దాదాపు ఖాళీగా ఉంటాయి. మద్యం ముట్టనివారు సైతం కాఫీతోనో పుస్తకంతోనో కూర్చోవచ్చు.

అయితే నౌక ఊగిసలాట ఎత్తైన చోట, ముందు కొసన అధికంగా తెలుస్తుంది. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారికి కింది అంతస్తుల నడిమి భాగమే మేలు. అందుచేత టికెట్టు తీసుకునే ముందే డెక్కుల పటాన్ని పరిశీలించడం ఉత్తమం.