ఎన్ని విస్తళ్లు?

పెళ్లి చేసి అలసిపోయిన ఇంట్లో ఖర్చుల చిట్టా అడిగి చూడండి. పట్టుచీరలో రెండువేలు తగ్గించామని, శుభలేఖలు చవగ్గా వేయించామని, మేళం వాళ్లతో గంటసేపు బేరమాడామని వివరంగా చెబుతారు. అవన్నీ నిజాలే. అదే చిట్టాలో "భోజనాలు, ఏడొందల మంది" అన్న పద్దు దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. ఆ ఏడొందల లెక్క ఎక్కడిదని అడిగితే "పిలవకపోతే బాగోదు కదండీ" అంటారు. లక్షలు కరిగిపోయేది ఆ ఒక్క మాట దగ్గర. ఆదా కోసం వెతుక్కునేది శుభలేఖల దుకాణంలో.

చేతిలో ఐదు లక్షలున్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఓ మోస్తరు పట్నం, ప్లేటు 350 రూపాయలు. ఆరొందల మందికి ఒక్క పూట భోజనం 2,10,000. రెండొందల మందికైతే 70,000. తేడా లక్షా నలభై వేలు. ఏ పట్టుచీర బేరంలోనూ ఇంత మిగలదు. పైగా తేడా అక్కడితో ఆగదు. ఆరొందల మందికి ఏసీ ఫంక్షన్ హాలు కావాలి, పార్కింగ్ కావాలి, వడ్డనకు మనుషులు, నీళ్ల సీసాలు, తాంబూలం సంచులు, రిటర్న్ గిఫ్టులు అన్నీ ఆ లెక్కనే పెరుగుతాయి. రెండొందల మందికైతే గుడి కల్యాణ మండపం చాలు, కాలనీ కమ్యూనిటీ హాలు చాలు, పల్లెలో ఇంటిముందు షామియానా వేసినా చాలు.

తక్కువ మందితోనూ పెళ్లవుతుందని 2020లో దేశమంతా చూసింది. కరోనా రోజుల్లో పెళ్లికి 50 మందికి మించకూడదని కేంద్రం నిబంధన పెట్టినప్పుడు తెలుగు ఇళ్లల్లోనూ పెళ్లిళ్లు జరిగాయి. జీలకర్ర బెల్లం పెట్టారు, తాళి కట్టారు, తలంబ్రాలు పోసుకున్నారు. ఆ జంటల పెళ్లి ఏమీ తక్కువ పెళ్లి కాలేదు. పిలవనివాళ్లూ అలగలేదు, ఎందుకంటే నిబంధన అందరికీ ఒకటే. జాబితా కుదించేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఇదే: మనిషిని చూసి కాదు, వరస చూసి గీత గీయాలి. "పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్తల పిల్లల వరకే" అంటే నొచ్చుకున్నా అర్థం చేసుకుంటారు. ఒక బాబాయి కూతుర్ని పిలిచి ఇంకో బాబాయి కూతుర్ని వదిలేస్తే ఆ మాట పదేళ్ల తర్వాత కూడా వినాలి. ఆఫీసువాళ్లు, అపార్టుమెంటువాళ్లు, పాత వీధివాళ్లు ఉన్నారనుకోండి, పెళ్లయ్యాక సత్యనారాయణ వ్రతానికి పిలిచి ప్రసాదం, టిఫిన్ పెడితే మర్యాదగానే ఉంటుంది.

అయితే ఈ అంకె ఒక్క ఇంటి చేతిలో ఉండదు. మన దగ్గర పెళ్లి ఆడపిల్లవాళ్లు చేయడం, రిసెప్షన్ మగపిల్లవాళ్లు ఇవ్వడం చాలాచోట్ల ఆనవాయితీ. తెలంగాణలో చాలా ఇళ్లల్లో మర్నాటి దావత్‌కు మటన్ లేకపోతే పరువు తక్కువ. సంబంధం మాట్లాడుకునే రోజు కాఫీ తాగుతూ పెళ్లికొడుకు తండ్రి "మావైపు ఓ మూడొందల మంది వస్తారండీ" అని తేలిగ్గా అంటాడు. ఆ వాక్యం ఖరీదు, మన లెక్కలో, 1,05,000. ఎదురుగా కూర్చున్నాయన తలూపుతాడు. పెళ్లి ఖర్చులో పెద్ద వాటా అక్కడే, ఏ బజారుకూ వెళ్లకముందే తేలిపోయింది.

అందుకే నోరు విప్పాల్సింది ఆ రోజే. "బావగారూ, మీవైపు నూరు, మావైపు నూరు అనుకుందామా? రిసెప్షన్ విడిగా వద్దు, ఇద్దరం కలిసి ఒక్కపూటే పెడదాం. ఎవరి విస్తళ్ల ఖర్చు వాళ్లది." ఈ మాట తండ్రి నోట రావడం కష్టమైతే మేనమామ అనొచ్చు, సంబంధం తెచ్చిన పెద్దమనిషి అనొచ్చు. నన్నడిగితే పిల్లా పిల్లాడూ ముందే అనుకుని, ఎవరింట్లో వాళ్లు చెప్పడం మేలు. కొడుకే "నాకు చిన్న పెళ్లి చాలు నాన్నా" అన్నాక ఆ తండ్రి ఘనత గురించి మాట్లాడటం తగ్గుతుంది. కట్నం 1961 నుంచి చట్టరీత్యా నేరం. "మాకేం వద్దు, పెళ్లి మాత్రం ఘనంగా చేయండి" అనే షరతు ఆ కట్నానికి మారువేషమే.

ముహూర్తం దగ్గర కూడా డబ్బుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. గురువో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనబడని రోజులు మూఢం. 2024లో సరిగ్గా పెళ్లిళ్ల కాలమైన మే, జూన్ నెలలు మూఢంలో పోయాయి. మూఢం విడిచిన తర్వాత వచ్చే మొదటి బలమైన ముహూర్తానికి ఊళ్లో హాళ్లన్నీ నిండిపోతాయి, పురోహితులు ఒక పందిట్లోంచి ఇంకో పందిట్లోకి పరిగెడతారు, పువ్వుల ధర తెల్లారేసరికి మారిపోతుంది. సిద్ధాంతిగారిని ఒక్క ముహూర్తం కాదు, రెండు మూడు రాసిమ్మని అడగండి. వాటిలో పనిదినం పడ్డదీ, పగటిపూట ఉన్నదీ ఎంచుకోండి. అర్ధరాత్రి దాటి రెండున్నరకి ముహూర్తమైతే రాత్రి భోజనం అందరికీ, పొద్దున టిఫిన్ ఉన్నవాళ్లకి, మధ్యాహ్నం మళ్లీ భోజనం బంధువులకి. వీటికితోడు లైటింగ్, జనరేటర్, గదులు. పగలు పది పదకొండు గంటల మధ్య ముహూర్తమో, మధ్యాహ్నం అభిజిత్ లగ్నమో అయితే ఒక్క భోజనంతో సరి. పైగా జీలకర్ర బెల్లం పెట్టే వేళకి పిలిచినవాళ్లు పందిట్లోనే ఉంటారు. రాత్రి పెళ్లిళ్లలో ఎనిమిదింటికి వచ్చి, స్టేజీ ఎక్కి ఫొటో దిగి, తిని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అసలు ముహూర్తం వేళకి మిగిలేది ఎంతమందో మీకు తెలుసు.

ఇక హాలు. అద్దె ఎనభై వేలంటే అది ఎనభై వేలు కాదు. కరెంటు మీటరు రీడింగ్ వేరు, జనరేటర్ డీజిల్ గంటకింత, శుభ్రం చేసినందుకింత, డిపాజిట్లో ఏదో పగిలిందని కోత. బిల్లు రాస్తే 18 శాతం జీఎస్‌టీ. కొన్ని హాళ్లలో డెకరేషన్ వాళ్ల మనుషులతోనే చేయించాలి. బయటి కేటరింగ్‌ను రానిస్తే ఆ కేటరింగ్ అతని దగ్గర రాయల్టీ తీసుకుంటారు, అతను దాన్ని మన ప్లేటు ధరలో కలిపేస్తాడు. అడ్వాన్సు ఇచ్చేముందే ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోవాలి. హాలు ఏ గంట నుంచి ఏ గంట వరకు మనదో అందులో ఉండాలి.

కేటరింగ్ దగ్గర గొడవలు ఎక్కువగా ప్లేట్ల లెక్క మీదే. మూడు నాలుగు రోజుల ముందు "ఎన్ని ప్లేట్లు గ్యారంటీ?" అని అడుగుతారు. రెండొందలని చెబితే నూటయాభై మందే తిన్నా రెండొందలకీ కట్టాలి. కాబట్టి పిలిచిన సంఖ్య చెప్పకుండా కొంచెం తగ్గించి చెప్పి, పైన వచ్చినవాళ్లకి అదే ధరకు వడ్డించేలా మాట తీసుకోవాలి. వాడి పారేసే ప్లేట్లయితే లెక్క సులువు: వడ్డన మొదలుకాకముందు కట్టలు లెక్కపెట్టి రాసుకోండి, అయిపోయాక మిగిలినవి లెక్కపెట్టండి, తేడాయే తిన్నవాళ్లు. స్టీలు ప్లేట్లు కడిగి మళ్లీ పెడుతుంటారు కాబట్టి ఈ పద్ధతి పనిచేయదు, ప్లేట్ల దొంతర దగ్గర మనవైపు కుర్రాణ్ని ఒకణ్ని నిలబెట్టాల్సిందే. అరిటాకు బంతి అయితే ఈ బాధే లేదు, బంతికెన్ని ఆకులో కళ్లకి కనిపిస్తాయి.

రుచి దగ్గర మాత్రం పిసినారితనం చేయొద్దు. తగ్గించాల్సింది ఐటమ్స్. ముప్ఫై రకాలు, నాలుగు లైవ్ కౌంటర్లు పెట్టిన బఫేలో ప్లేటు పట్టుకున్నవాడు సగం రుచి చూసి సగం డబ్బాలో వేస్తాడు. పులిహోర, ముద్దపప్పు, నెయ్యి, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, ముక్కల పులుసు, బూరె, గడ్డపెరుగు. ఇంతకుమించి ఎవరు అడుగుతారు? మనుషులున్న ఇల్లయితే వంట మేస్త్రిని పెట్టుకుని, సరుకుల జాబితా రాయించుకుని హోల్‌సేల్‌లో మనమే తెచ్చుకుంటే ప్లేటు ధర బాగా దిగుతుంది. నూరు మందికి పది పన్నెండు కిలోల బియ్యం సరిపోతుందని మేస్త్రీలు చెబుతారు. సరుకుల గది తాళం మాత్రం నిద్రపోని మనిషి చేతిలో ఉండాలి.

గుడిలో పెళ్లికి మన దగ్గర మంచి పరంపరే ఉంది. అన్నవరం కొండ మీద, ద్వారకా తిరుమలలో ముహూర్తాల రోజున జంటలు వరసకట్టి కనిపిస్తాయి. తిరుమలలో పాపవినాశనం రోడ్డులోని కల్యాణ వేదికలో పురోహితుడు, మంగళవాద్యం, పసుపు, కుంకుమ, కంకణం టీటీడీ ఉచితంగా సమకూరుస్తుంది. ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, తల్లిదండ్రులు రావాలి. మరి మిగులు ఎక్కడ పోతుందంటే, కొండకి రెండు బస్సులు మాట్లాడి, గదులు తీసుకుని, తిరిగొచ్చాక ఊళ్లో వెయ్యిమందికి రిసెప్షన్ పెట్టేవాళ్ల దగ్గర. గుడి పెళ్లి చవక కావాలంటే అది ఒక్కటే పెళ్లి కావాలి.

మంత్రాలూ మేళాలూ వద్దనుకునే దారి కూడా తెలుగువాళ్లకి కొత్తది కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులోనే పెళ్లి జరిపించేందుకు "వివాహ విధి" రాశారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా తన కూతురి కులాంతర వివాహం 1948లో సేవాగ్రామ్‌లో జరిపించారు. కమ్యూనిస్టుల దండల పెళ్లిళ్లు చూసిన ఊళ్లు ఎన్నో. వాళ్లు డబ్బు మిగుల్చుకోవాలని కాదు, ఒక పట్టుదలతో చేశారు. ఇక్కడ చట్టం సంగతి ఒకటి తెలుసుకోవాలి. దండలు మార్చుకుంటే చాలని హిందూ వివాహ చట్టంలో చేర్చిన సవరణ తమిళనాడు, పుదుచ్చేరిలకే వర్తిస్తుంది, మనకు కాదు. ఆచారం ప్రకారం పెళ్లి జరగకుండా ఉత్త సర్టిఫికెట్ చేతిలో ఉన్నంతమాత్రాన హిందూ వివాహం అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో పెళ్లంటే ఆటపాటలకీ విందులకీ సందర్భం కాదని కూడా అన్నది. కాబట్టి దండల పెళ్లి చేసుకునేవాళ్లు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద వెళ్లడం క్షేమం. నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. ఖర్చు నామమాత్రం.

బట్టల గురించీ బంగారం గురించీ నాలుగు మాటలే. తాళి కట్టే వేళకి చాలా ఇళ్లల్లో వధూవరులు కట్టుకునేది మధుపర్కాలు, ఎర్రంచు తెల్లబట్టలు. పాతికవేల చీర స్టేజీ మీద ఫొటోల కోసం. తర్వాత బీరువాలో ఉండిపోయే చీర కంటే, పండక్కీ పబ్బానికీ కట్టుకోగలిగిన ఉప్పాడో గద్వాలో మేలు. తాళికి కావాల్సింది పసుపుతాడు, రెండు పుస్తెలు. నగ కొంటే ధరతోపాటు తరుగు, మజూరీ ఎంతో విడిగా అడగాలి. రాళ్ల బరువు బంగారం లెక్కలో కలవకుండా చూసుకోవాలి. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్కు నగ మీద అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే హెచ్‌యూఐడీ గుర్తింపు తప్పనిసరి, అది లేకుండా తీసుకోవద్దు. ప్రీ వెడ్డింగ్ షూట్, డ్రోన్ గురించి చెప్పడానికేం లేదు, మానేయొచ్చు.

డబ్బు ఎక్కణ్నుంచి తేవాలన్నది అసలు కష్టం. మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి ఆరువేలు, ఏడాదికి 72,000. నాలుగేళ్లు అసలు తీర్చలేకపోతే వడ్డీయే 2,88,000. చీటీ పాడి తెచ్చినా, పాటలో వదులుకున్న మొత్తం అక్షరాలా వడ్డీయే. తెలంగాణలో అర్హులైన కుటుంబాలకి కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయలు వస్తాయి. కానీ తరచు పెళ్లయిన చాన్నాళ్లకి గాని చెక్కు చేతికి రాదు, పందిరివాడికి కట్టాల్సిన డబ్బులో దాన్ని కలపకూడదు. చదివింపుల సంగతీ అంతే. నూటపదహార్లనుంచి ఐదువేలదాకా పేరుపేరునా పుస్తకంలో రాసుకుంటాం గదా, అదంతా రేపు వాళ్లింట్లో పెళ్లికి మనం తిరిగి చదివించాల్సిన బాకీ. ఎంతొస్తుందో తెలియని, ఎలాగూ తీర్చాల్సిన డబ్బుని ఆదాయంగా చూపించి ముందే ఖర్చు పెట్టేయడం వల్లే పెళ్లి మర్నాడు కేటరింగ్ అతని ముందు తలవంచుకోవాల్సి వస్తుంది.

పెళ్లిరోజు పర్సు పెళ్లికూతురి తండ్రి దగ్గర ఉండకూడదు. ఆయన కన్యాదానం పీటల మీద ఉంటాడు, హాలు మేనేజరు, పూలవాడు, సన్నాయి వాళ్లు, వీడియో కుర్రాడు చెవిదగ్గర వంగి అడుగుతుంటారు, ఆయన విసుక్కుని అడిగినంత ఇచ్చేస్తాడు. ఎవరికెంత అడ్వాన్సు ఇచ్చారో, ఎంత బాకీ ఉందో రాసిన కాగితంతో పాటు డబ్బు నెమ్మదస్తుడైన బాబాయి చేతికో పిన్ని చేతికో ఇచ్చేయాలి. దక్షిణలకీ హారతి పళ్లేలకీ పదులు, ఇరవైలు ముందే తెచ్చి పెట్టుకోవాలి, లేకపోతే చిల్లర లేక ప్రతిచోటా వంద పడుతుంది. మగపెళ్లివారు కూడా గృహప్రవేశానికి ఒక కవరు విడిగా ఉంచుకోవాలి. ఆడపడుచులు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి పేర్లు చెబితేగాని లోపలికి రానివ్వమన్నప్పుడు, పేరు చెప్పినా సరే, బేరమాడటం మాత్రం అక్కడ కుదరదు.